చిన్నాయన వల ఆట

మా చెల్లెలు గంగ కూతురు హాసిని నెల్లూరులోనే ఫార్మసీ చదువుతోంది. హాస్టల్ తిండి మీద విసుగు పుట్టినప్పుడల్లా మా ఇంటికి వచ్చేస్తుంది. పోయిన నెలలో ఒక శనివారం పొద్దున ఆటో దిగి, బట్టల సంచీని వాచ్‌మన్ చేతిలో పెట్టి, రెండు అట్టపెట్టెలను మాత్రం తనే గుండెకు హత్తుకుని మెట్లెక్కింది. చేతులు కడుక్కుని గానీ వాటి మూతలు తీయలేదు. లోపల రంగురంగుల కార్డులు, ఒక్కోదానికీ పలచని ప్లాస్టిక్ తొడుగు. చెమట చేతుల మరకలు పడకుండా ఆ తొడుగులు విడిగా తెప్పించుకుని, సెలవు రోజంతా కూర్చుని తొడిగిందట. పెళ్ళికూతురి నగలు సర్దినట్టు వాటిని నా భోజనాల బల్ల మీద సర్దుతూ చెప్పింది, ఈ పెద్దపెట్టె అసలు ఆట, ఈ చిన్నపెట్టె దాని ఎక్స్‌పాన్షన్ అని.

"అంటే ఏందే?" అన్నాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, అంతకంటే ఎక్కువకాలం కథలు రాసినా, ఇంట్లో నా నోట ఇప్పటికీ మైపాడే పలుకుతుంది.

"ఆట అదే పెద్దమ్మా. కానీ కొత్త కార్డులొస్తాయి, వాటితో కొత్త రూల్స్ వస్తాయి. పెద్దపెట్టెలో ఉండేది అడవి ఒక్కటే. ఇది కలిపామనుకో, అడవిలోకి నది వచ్చేస్తుంది. మొసళ్ళొస్తాయి, వరదొస్తుంది. ఇంక పాత ఎత్తులేవీ పనిచేయవు. మొత్తం కొత్తగా ఆలోచించాలి. మా ఫ్రెండ్స్ అందరం ప్రతి ఆదివారం ఆడతాం. మీ చిన్నప్పుడు ఇట్లాంటివి లేవు కదా, నీకు చెప్పినా అర్థం కాదులే."

నాకు నవ్వాగలేదు. "మాకు ఒక్క వానాకాలంలోనే మూడు వచ్చినాయి," అన్నాను. ఎక్కడ కొనేవాళ్ళని అడిగింది. కొనడమేమిటి, ఒకటి మా అమ్మ చేసింది, ఒకటి మా అవ్వ చేసింది, ఇంకొకటి మా ఇంటి మీదికి గొడవకొచ్చిన ఊరిపెద్దలు చేసిపెట్టి పోయారు అన్నాను. హాసిని చేతిలో మొసలి కార్డు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ పూట అడవి ఆట మొదలవనే లేదు. నేను చెబుతూ ఉన్నాను, అది వింటూ ఉంది. చెబుతుంటే నాకే తెలియనన్ని సంగతులు లోపలి నుంచి లేచి వచ్చాయి. అవి మళ్ళీ అడుగుకు పోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

మైపాడులో మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, అమ్మ ఆరేసిన లంగాలు సాయంత్రానికి ఉప్పు పట్టి అప్పడాల్లా బిరుసెక్కేవి. ఇంటికి మూడు వాసనలుండేవి. దండెం మీద ఎండుచేపల వాసన, వెనక పెద్దబానలో వలలు ముంచే తుమ్మచెక్క కషాయం వాసన, పొయ్యి మీద ముందురోజు చేపలపులుసు వాసన. మామిడికాయ వేసిన ఆ పులుసు మర్నాటికి గానీ కుదురుకోదని మా తాత నమ్మకం. పొద్దున లేచి ముఖం కడుక్కోగానే చద్దన్నంలో అది పోయించుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ ముద్ద దిగేదాకా ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. తాత ఊరి పెద్దల్లో ఒకడు. తగువులొస్తే జనం మా అరుగు మీదికే వచ్చేవాళ్ళు. పెద్దలందరూ కూర్చుని ఊరికి ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అనేవాళ్ళు. దురాయి పడిందంటే దాన్ని దాటే మగాడు మా ఊళ్ళో లేడు. మా అవ్వ సంగతి వేరు. ఆమె తాత ముందు తల ఎత్తి మాట్లాడేది కాదు గానీ, తాత తీర్పు చెప్పబోయే ముందు నడవలోంచి ఆమె దగ్గే దగ్గుకు ఒక అర్థం ఉండేది. ఆ అర్థం తాతకు ఒక్కడికే తెలుసు.

ఆ రోజుల్లో ఊళ్ళో పేక మీద దురాయి ఉండేది. అంతకుముందు ఏడాది పందెం పేకాటలో బావాబామ్మర్దులు కొట్టుకుని, ఒకే పడవ వాళ్ళు కలిసి వేటకు పోవడం మానేశారు. పడవ నెల రోజులు ఒడ్డునే ఉండిపోయింది. దాంతో పెద్దలు కూర్చుని ఊళ్ళో పేక కనపడకూడదన్నారు. ఆ మాట నలుగురిలో నిలబడి చెప్పింది మా తాతే. పట్టుబడిన మొదటివాడు కొండయ్య అనే ఆయన అల్లుడు. కొండయ్య కూడా ఊరిపెద్దే. అల్లుడి చేత గుడి ముందు తప్పు ఒప్పించాల్సి వచ్చిందన్న మంట ఆయనకు చాలాకాలం చల్లారలేదు.

ఇక మా చిన్నాయన పోలయ్య. నాన్నకు తమ్ముడు. పెళ్ళింకా కాలేదు. వల విసిరితే అది గాలిలో గుండ్రంగా విచ్చుకుని, నీళ్ళ మీద చప్పుడు లేకుండా వాలేది. ఆడవాళ్ళు సైతం గంపలు దించి చూసేవాళ్ళు. ఒకరోజు అలల్లోంచి పడవను ఒడ్డుకు లాగుతుంటే తాడు ఆయన కుడిచేతికి చుట్టుకుంది. వెనక అల పడవను గుంజింది. నెల్లూరు పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆ చేతికి బొటనవేలూ, దాని పక్క వేలూ లేవు. మిగతా వేళ్ళు మడతపడవు. వల పట్టడం, తెడ్డు వేయడం ఇక లేదని డాక్టరు చెప్పాడట. ఇంటికొచ్చిన రోజు నుంచి చిన్నాయన అరుగు మీద సముద్రానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తింటే తినేవాడు, లేకపోతే లేదు. మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి, పిలిచినా పలికేవాడు కాదు. అమ్మ ఆయన కంచంలో పెద్దముక్క వేసి, అది అట్లాగే తిరిగొస్తే వంటింట్లో కళ్ళు తుడుచుకునేది.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. వాయుగుండం అన్నారు. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఇంటినిండా మనుషులు, చేయడానికి పని లేదు. నేనూ గంగా అరుగు మీద చేరి చింతగింజలతో ఆడి ఆడి విసిగిపోయాం. ఎవరిదో పాత శుభలేఖ ఒకటి దొరికితే నేను దాని వెనక బొగ్గుముక్కతో ఏదో గీస్తున్నాను. చిన్నాయన గోడవైపు నుంచే అడిగాడు.

"ఏంది మే అది?"

ఎన్నాళ్ళకో విన్న గొంతు. భయంభయంగా, "వంజరం చేప చిన్నాయనా," అన్నాను.

"దానికి వంజరమని పేరు పెడితే అది ఏడస్తాది. ఇట్టా తే."

అట్ట అందుకుని, అలవాటుగా కుడిచెయ్యి చాపి, ఆగి, బొగ్గును ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. చాలాసేపు గీశాడు. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒళ్ళంతా అందులోనే పెట్టి గీశాడు. గీసింది మా ముందు పెట్టాడు. గంగకు అప్పుడు ఐదేళ్ళుంటాయేమో. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాకరకాయ!" అంది.

నేను దాని తొడ మీద గిల్లబోయాను. అంతలో చిన్నాయన నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. వంటింట్లోంచి అమ్మా, నడవలోంచి అవ్వా తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. "కాకరకాయే! వంజరం కాదు, కాకరకాయే!" అంటూ ఆయన ఇంకో అట్ట తెమ్మన్నాడు.

వారం తిరిగేలోగా మా ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్ళలోనూ శుభలేఖలు మిగల్లేదు. అన్నీ ఒకే కొలతకు కత్తిరించాం. వెనకవైపు ఎవరి పెళ్ళో తెలిసిపోతే ముక్క గుర్తుపట్టేస్తారని, సిమెంటు సంచుల ఎర్రకాగితం అన్నిటికీ అంటించాం. అమ్మ మైదాబంక కాచి, బొద్దింకలు కొరక్కుండా అందులో చిటికెడు మైలతుత్తం కలిపింది. ఉప్పుగాలికి ముక్కలు వంకర తిరుగుతుంటే అవ్వ వాటిని రోటి పొత్రం కింద అణిచిపెట్టేది. తడి పట్టకుండా కొవ్వొత్తి రుద్దడం నా పని. ఇన్నేళ్ళ తర్వాత హాసిని ప్లాస్టిక్ తొడుగులు చూస్తే, నా వేళ్ళకు ఆ మైనం జిడ్డు మళ్ళీ తగిలినట్టయింది.

ఆట పేరు వల ఆట. మొదట చాలా తేలిక. ఒక్కో రకం చేపకు నాలుగు ముక్కలు. వంజరం, చందువ, మాగ, కానాగంత, ఇట్లా. తలా కొన్ని పంచుకుని మిగతావి చాప మధ్యలో బోర్లిస్తాం. వంతు వచ్చినవాళ్ళు ఒకటి తీసుకుని ఒకటి వదలాలి. ఒకే చేప నాలుగూ చేతికొస్తే వాటిని చాప మీద పరిచి "వల లాగినా!" అని అరవాలి. ఎక్కువ వలలు లాగినవాళ్ళది గెలుపు. అందరికంటే తక్కువ లాగినవాళ్ళు పాట పాడాలి. అంతే. కొన్నాళ్ళకు అది మరీ చప్పగా ఉందనిపించి చిన్నాయన సొరచేపను దింపాడు. అది పడిందంటే పక్కవాళ్ళు లాగిన వలొకటి తెగిపోతుంది. గంగ లాగిన ఒకే ఒక్క వలను సొర తెంపేసినప్పుడు అది ఏడ్చిన ఏడుపుకు నాన్న నిద్రలేచి వచ్చి, సంగతి విని, తనూ చాప మీద కూర్చున్నాడు.

అమ్మ రోజూ మొదటి బస్సుకు చేపలగంప ఎత్తుకుని నెల్లూరు పోయే మనిషి. మా ఆట చూసి చూసి ఒకరోజు బియ్యం చెరుగుతూనే అంది. "మీరు వల లాగి ఇంట్లో కూచుంటే, చేపలు వాటంతట అవి లేచి నెల్లూరికి పోతాయా? అమ్మేదెవురు?"  మర్నాటికి గంపల ముక్కలు తయారయ్యాయి. చేతిలో గంప లేకుండా వల లాగితే చేపలు మురిగిపోయినట్టే, లెక్కలోకి రావు. ఒక్క రోజులో మేం నేర్చుకున్న ఎత్తులన్నీ గంగపాలయ్యాయి. అప్పటిదాకా గెలుస్తూ వచ్చిన నాన్న వరసగా ఓడిపోయి పాటలు పాడి పాడి గొంతు బొంగురు చేసుకున్నాడు. అమ్మ మాత్రం ఆడిన ప్రతిసారీ గెలిచేది. గంప ఎప్పుడు చేతిలో ఉంచుకోవాలో, ఎప్పుడు వదులుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అవ్వ చేర్చింది ఒకటే ముక్క. సొర పడినప్పుడల్లా పిల్లలు బెదిరిపోతున్నారని ఆమెకు బాధ. గంగమ్మతల్లి లేని సముద్రం ఉంటాదా అంది. చిన్నాయన అమ్మవారి బొమ్మ గీయబోతే, "బొమ్మెందుకురా, బొట్టు చాలు," అని ఉత్త అట్ట ఒకటి తీసుకుని, దానికి పసుపు పూసి, మధ్యలో బొటనవేలితో కుంకుమ అద్దింది. అది చేతిలో ఉన్నవాళ్ళను సొర ఏమీ చేయలేదు. ఆ ముక్క కింద పడితే మేం కళ్ళకద్దుకుని తీసేవాళ్ళం. ఆటలో దేవుణ్ణి కలపకూడదని ఎవరికీ తోచలేదు. కలపకపోతేనే తప్పనిపించేది.

ఇంత జరుగుతున్నా తాత ఒక్కసారి కూడా చాప వైపు చూడలేదు. పేక మీద దురాయి చెప్పిన నోరు ఆయనది. మంచం మీద అటు తిరిగి పడుకుని నిద్రపోతున్నట్టు గురక పెట్టేవాడు. కొడుకు నవ్వు వినపడుతోంది, దాన్ని ఆపమనలేడు. ముక్కలు కలిపే చప్పుడు వినపడుతోంది, ఒప్పుకోనూలేడు. ఒకసారి నేను గంగ మీదికి సొర వేయబోతుంటే అటు తిరిగే ఉన్న తాత మెల్లగా, "ఇప్పుడే ఎందుకు, గంప లేదు దానికాడ," అని గొణిగాడు. అవ్వ దగ్గింది. తాత మళ్ళీ గురక పెట్టాడు.

ఒక ముసురు మధ్యాహ్నం, అందరం చాప చుట్టూ ఉండగా, గోనెసంచులు తల మీద కప్పుకుని కొండయ్య తాత, ఆయనతో ఇద్దరు పెద్దలు అరుగు ఎక్కారు. పక్కింటి శుభలేఖలు ఏమయ్యాయో ఊరంతా తెలిసిపోయింది మరి. ఆటలో ఉన్నవాళ్ళం ఉన్నట్టే ఉండిపోయాం. కొండయ్య నీళ్ళు కారుతున్న గోనె కూడా దించకుండా, "బాగుండాది పెద్దాయనా," అన్నాడు తాతతో. "మా అల్లుడు ఒక ముక్క ముట్టుకుంటే గుడికాడ నిలబెట్టినారు. నీ ఇంట్లో ఆడామగా, పిల్లాజెల్లా పేకాడతా ఉండారు. మావోడికి ఒక దురాయి, నీ కొడుక్కి ఒక దురాయా?"

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను తాతను చూడలేదు, చిన్నాయనను చూశాను. ఆయన చేతిలో ముక్కలు మెల్లగా బోర్లించి, కుడిచెయ్యి పంచెలో దాచుకుని, గోడవైపు జరుగుతున్నాడు.  ఈ ఆట పోతే ఆయన మళ్ళీ ఇటు తిరగడని, ఎనిమిదేళ్ళ పిల్లనే అయినా నాకు బాగా తెలుసు.

 "దురాయి దురాయే కొండయ్యా," అన్నాడు తాత. "నా ఇంటికి వేరే లేదు. అయితే అది పేకో కాదో నేను చెప్తే, కొడుకు కోసరం చెప్పినాడంటారు. నువ్వు కూచో. నువ్వే ఆడి చూడు. నువ్వు ఏం చెప్తే అదే దురాయి. ఈ పూటే అన్నీ పొయ్యిలో పెట్టేస్తా."

కొండయ్య ఈ మాట ఊహించలేదు. వెంట వచ్చినవాళ్ళ ముఖాలు చూశాడు. గోనె దించి, అరుగు అంచున కూర్చుని, ఒక ముక్క పైకెత్తి కళ్ళకు దూరంగా పెట్టి చూశాడు. "ఏంది ఇది?"

"వంజరం మామా," అన్నాడు చిన్నాయన గోడవైపు నుంచే.

"వంజరానికి తోక ఇట్టుంటాదంట్రా? సముద్రం మొహం చూడనోడు గీసినట్టుండాది."

"ఎడంచేత్తో గీసినా."

 కొండయ్య ఆ ముక్కను మళ్ళీ చూశాడు. ఈసారి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత కాళ్ళు మడుచుకుని చాప మీదికి జరిగి, "సరే. ఇటు తిరిగి ఆట చెప్పు. గోడకు చెప్తే నాకు ఎట్టా తెలస్తాది?" అన్నాడు.

చిన్నాయన తిరిగాడు. ఆట చెప్పాడు. పందెం ఏమిటని కొండయ్య గుచ్చి గుచ్చి అడిగితే, పందెం లేదు, ఓడినోళ్ళు పాట పాడాల అని గంగ చెప్పింది. ఆయన పట్టించుకోలేదు. తను ఓడే మనిషి కాదని ఆయన ధీమా. కానీ ఆయన కూర్చుంది మా అమ్మతో ఆడటానికి. అమ్మ తల మీద కొంగు సవరించుకుని, "అయ్యా, తమరి వంతు," అంటూ ఎంతో మర్యాదగా ఆయన చేతికి ఒక్క గంప కూడా అందకుండా చేసింది. ఆట వైపే చూడని తాత మంచం దిగి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆట ముగిసేసరికి కొండయ్య ముందు చాప ఖాళీ. అందరం ఆయన వైపు చూస్తున్నాం, పాడమని అనే ధైర్యం ఎవరికీ లేదు. గంగకు తప్ప. "పాట, తాతా," అంది అది, ఆయన మోకాలు తట్టి.

కొండయ్య నవ్వగా మేమెప్పుడూ చూడలేదు. ఆయన పాడతాడని మాకు తెలియనే తెలియదు. ఒకసారి గొంతు సవరించుకుని, ఒడ్డున వల లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నాడు. ఒక్కసారిగా అరుగు కంపించినట్టయింది. వయసులో ఉండగా వల దగ్గర పాట ఎత్తేవాడు ఆయనేనట. వెంట వచ్చిన పెద్దలిద్దరూ తెలియకుండానే వంత అందుకున్నారు. తర్వాత తాత, తర్వాత నాన్న. ఎదురింటి చూరు కింద నిలబడి తమాషా చూస్తున్న జనం వానలో తడుస్తూనే గొంతు కలిపారు. ఆ పాటకు ఉన్న లాగుడికి చిన్నాయన రెండు చేతులూ వాటంతట అవే ముందుకొచ్చి తాడు లాగినట్టు ఆడాయి. దాచుకున్న చెయ్యి బయటికి వచ్చిన సంగతి ఆయనకు తెలియదు. మాకందరికీ తెలిసింది.

పాట అయ్యాక కొండయ్య గోనె దులుపుకుని లేచి, వాకిట్లో జనానికి వినపడేటట్టు చెప్పాడు. "ఇది పేక కాదు. వేట. వేటకు దురాయి ఎట్టా పెడతాం?" రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "అయితే రే పోలయ్యా, గాలి ఏదిరా? గాలి లేని సముద్రంలో ఎవుడైనా వేటకు పోతాడా? రేపటికి గాలి చేసిపెట్టు, వస్తా." మర్నాడు ఎదురుగాలి ముక్కలు తయారుగా ఉన్నాయి. అది పడితే వంతులు తిరిగే దిక్కు మారిపోతుంది. కుడివైపు పోతున్న ఆట ఎడమవైపుకు మళ్ళుతుంది. ఒక్క దాంతో మా అమ్మ గెలుపులకు అడ్డుకట్ట పడింది. కొండయ్య ఆ ముసురు తగ్గేదాకా రోజూ వచ్చాడు. ఆయన అల్లుడు కూడా వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి వీధి నుంచీ మాకూ ఒక వల ఆట చేసిపెట్టమని చిన్నాయన దగ్గరికి వచ్చేవాళ్ళు. గీసి గీసి ఆయన ఎడమచెయ్యి తీరింది. వంజరం వంజరంలాగే కనపడసాగింది. ఒకతను కొత్త పడవ చేయించి, దాని ముందుభాగాన రెండు చేపలు గీసి, తల్లి పేరు రాసిపెట్టమన్నాడు. ఆ పడవను చూసి ఇంకొకతను వచ్చాడు. అట్లా అదే ఆయన బతుకుతెరువు అయింది. మైపాడు నుంచి అల్లూరు దాకా ఒడ్డున ఆయన చేతి చేపలు లేని పడవ ఉండేది కాదు. పెళ్ళయింది, పిల్లలయ్యారు. సముద్రం మీదికి మళ్ళీ పోలేదు గానీ, సముద్రం మీదికి పోయే ప్రతిదాని మీదా ఆయన చెయ్యి పడింది. మా ముక్కలేమో చేతులు మారి మారి, మెత్తబడి, పొరలు విడి, ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. ఎప్పుడు పోయాయో ఎవరూ గమనించలేదు. ఆడి ఆడి అరిగిపోయిన వస్తువు కోసం దిగులుపడాలని నాకు ఇప్పటికీ అనిపించదు.

హాసిని ఆటకు రూల్సు పుస్తకం ఉంది. అర్థం కాకపోతే ఫోనులో ఎవరో అబ్బాయి చక్కగా ఆడి చూపిస్తాడు. తగువొస్తే పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తుంది, అంతటితో సరి. మా ఆటకు పుస్తకం లేదు. తగువొస్తే తగువే. దాన్ని తీర్చడానికి ఒక్కోసారి కొత్త ముక్కే పుట్టేది. ఏది మేలంటే చెప్పలేను. మాకు దొరికిందల్లా ముసురు పట్టిన నాలుగు రోజుల తీరిక. ఈ పిల్లలకు పరీక్షలూ, ఫోన్లూ, ఊపిరాడని పరుగు. అయినా ఆదివారం వచ్చేసరికి ఫోన్లన్నీ ఒక గిన్నెలో పడేసి, ముఖాలు చూసుకుంటూ కూర్చోవడానికి దారి వెతుక్కున్నారు. మేం ఊరికే అనుభవించినదాన్ని వీళ్ళు పట్టుబట్టి సంపాదించుకుంటున్నారు. ఆ మాట హాసినితో అంటే, "అయితే చిన్నతాతతో ఆడదాం పా," అంది.

మర్నాడు ఆదివారం, పెట్టెలు రెండూ ఒళ్ళో పెట్టుకుని మైపాడు బస్సెక్కాం. దారిపొడుగునా ఒకప్పటి వరిమళ్ళ స్థానంలో రొయ్యల గుంటలు, వాటిలో నురగలు చిమ్ముతూ తిరిగే చక్రాలు. ఒడ్డున ఇప్పుడన్నీ ఫైబరు పడవలు, వాటి మీద అంటించిన స్టిక్కర్లు. సెలవురోజు జనం, మొక్కజొన్న కంకులు కాల్చే పొగ. చిన్నాయనకు డెబ్బై దాటాయి. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక చూపు బాగుంది. మనవరాలు తెచ్చిన కార్డులను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసి, "ఈ మొసలిని గీసినోడు మొసలిని చూళ్ళేదు," అన్నాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి హాసిని ప్రతి కార్డూ చదివి చెప్పాలి. చెప్పిన కొద్దిసేపటికే ఆయన బొమ్మను బట్టి ఆడేస్తున్నాడు. వరద ఎప్పుడు వదలాలో హాసిని కంటే ముందే కనిపెట్టాడు. పిన్ని టీ పెట్టుకొచ్చి, ఊరికే చూస్తానని కూర్చుని, రెండో ఆటకు తనూ కార్డులు పంచుకుంది.

చిన్నపెట్టె అడుగున బొమ్మా అక్షరం లేని తెల్లకార్డులు కొన్ని మిగిలాయి. ఆడేవాళ్ళు సొంతంగా రాసుకోవడానికి కంపెనీవాళ్ళే పెడతారట. హాసిని వాటిని ఆయన ముందు పెట్టి పెన్ను తీసి ఇచ్చింది. "చిన్నతాతా, నువ్వొకటి గియ్యి."

ఆయన పెన్నును దాని వైపే తిప్పేశాడు. "నేను గీసేదేందమ్మా, గీయాల్సినంత గీసినా. ఆట నీది. నువ్వు గియ్యి."

హాసిని మా ఎవరికీ కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గీసింది. చూపించమంటే చూపించలేదు. దానికీ ఒక తొడుగు తొడిగి కట్టలో కలిపేసింది. ఆట మొదలైంది. నా వంతు వచ్చి కార్డు తీసి చూద్దును కదా, కళ్ళజోడు, కొప్పు, చెవుల దాకా తెరిచిన నోరు. కింద తెలుగులో రాసి ఉంది. "పెద్దమ్మ. ఈ కార్డు వచ్చినవాళ్ళు మళ్ళీ వంతు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు."

చిన్నాయన ఆ బొమ్మను చూసి, నన్ను చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పిన్ని ఆయన వీపు నిమరబోయి తనూ నవ్వుతూ కూలబడింది. నేను నోరు తెరవబోతే హాసిని వేలు చూపించింది. రూలు రూలే. మూసుకున్నాను. తర్వాతి వంతు చిన్నాయనది. హాసిని టీ గ్లాసు కోసం అటు తిరిగింది. ఆయన నా కళ్ళల్లోకి సూటిగా చూస్తూ, ఒక కార్డు తీయాల్సిన చోట, తీరిగ్గా రెండు తీసుకున్నాడు.